రొమ్ము క్యాన్సర్ అని తేలిన రోజున ఆమె మనసు సంగతి ఎవరు అడగాలి?

బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజున మన ఆసుపత్రుల్లో ఫైలు సాధారణంగా భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. డాక్టరు వారివైపే తిరిగి స్టేజీ, ఆపరేషన్, కీమో, ఖర్చుల గురించి సగం ఇంగ్లీషులో వివరిస్తారు. జబ్బు చేసిన మనిషి పక్క కుర్చీలో కూర్చుని, అందరి ముఖాలూ చూసి తనకేమైందో ఊహించుకుంటుంది. "ఆమెకు చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేదు" అని ముందే బతిమాలుకునే కుటుంబాలూ ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ బయటపడిన స్త్రీల మానసిక ఆరోగ్యం గురించి ఆలోచించేవారు ముందుగా పట్టించుకోవలసింది ఈ గదిలో జరుగుతున్న దాన్నే అని నా అభిప్రాయం.

దాచడం వెనుక ఉన్నది ప్రేమే, కాదనలేం. కానీ ఆసుపత్రి బోర్డు చదవగలిగిన వారికి, కీమో వార్డులో జుట్టు రాలిన తలలను చూసిన వారికి విషయం ఎంతోకాలం దాగదు. ఇంట్లోవాళ్లు దాస్తున్నారని గ్రహించిన స్త్రీ, వాళ్లు బాధపడతారని తనకేమీ తెలియనట్టే ఉండిపోతుంది. ఇక ఆ భయాన్ని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఆమెకు ఎవరూ మిగలరు.

ప్రపంచ దేశాల క్యాన్సర్ లెక్కలను అంచనా వేసే గ్లోబోకాన్ 2022 నివేదిక ప్రకారం మన దేశంలో ఏటా దాదాపు 1.92 లక్షల మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వస్తోంది. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ అది సుమారు పదేళ్లు ముందుగానే కనిపిస్తుంది. అంటే ఇంకా ఇంటర్ చదువుతున్న కొడుకు, పెళ్లి కావలసిన కూతురు, మంచాన పడిన అత్తగారు ఉన్న వయసులోనే చాలామందికి ఈ మాట వినవలసి వస్తోంది. రొమ్ము తీసేస్తే భర్త తనను ఎలా చూస్తాడో అన్న దిగులు ఎవరితోనూ చెప్పుకోలేనిది. గడ్డ చేతికి తగిలినా నెలల తరబడి సిగ్గుతో ఊరుకున్నానన్న పశ్చాత్తాపం ఒకవైపు, ఈ సంగతి బయటికి పొక్కితే కూతురి సంబంధాలు చెడతాయేమోనన్న భయం మరోవైపు పీడిస్తాయి. వంశపారంపర్యంగా వచ్చిన జన్యులోపం వల్ల వచ్చే రొమ్ము క్యాన్సర్లు మొత్తంలో 5 నుంచి 10 శాతమేనని ఆమెకు ఎవరైనా నిదానంగా చెబితే ఆ భయంలో కొంతైనా తగ్గుతుంది. అయితే ఆ మాట చెప్పే తీరిక ఓపీలో ఎవరికీ ఉండదు.

ఏడవడం, నిద్ర పట్టకపోవడం, కోపం రావడం ఇలాంటి వార్త విన్నవారికి సహజం. ప్రతి ఒక్కరినీ మానసిక రోగిగా చూడనక్కరలేదు. 2011లో లాన్సెట్ ఆంకాలజీ పత్రిక ప్రచురించిన ఒక సమీక్ష, క్యాన్సర్ రోగుల్లో సుమారు 16 శాతం మందికి వైద్యుల ముఖాముఖి పరీక్షలో డిప్రెషన్ ఉన్నట్టు తేల్చింది. ఆ కొద్దిమందిని గుర్తించడమే అసలు సమస్య. ఆకలి మందగించడం, నీరసం, నిద్రలేమి కీమోతోనూ వస్తాయి. వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్ కూడా నిద్రను చెడగొడుతుంది. అందుకే ఇంట్లోవాళ్లు "ఒంట్లో బలం తగ్గింది" అనుకుని ఊరుకుంటారు. రెండు వారాలుగా మనసు కుంగిపోయి ఉందా, దేనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా, బతకాలని అనిపించడం లేదా అని విడమరచి అడిగితే తప్ప విషయం బయటపడదు. చనిపోవాలన్న ఆలోచన గురించి అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. ఆ భయానికి ఆధారం లేదు. అయితే భర్తను, పిల్లలను కాసేపు బయట కూర్చోబెట్టి అడగాలి. వాళ్ల ఎదుట ఆమె చెప్పే జవాబు "బాగానే ఉన్నానండీ" అనే.

దీనికి ప్రతి ఆసుపత్రిలోనూ మానసిక వైద్యుల దండు అవసరం లేదు. 2014లో వెలువడిన స్కాట్లండ్ అధ్యయనంలో శిక్షణ పొందిన క్యాన్సర్ నర్సులు, మానసిక వైద్యుల పర్యవేక్షణలో, తీవ్ర డిప్రెషన్ ఉన్న రోగులను చూసుకున్నారు. ఆరు నెలలకు వారిలో 62 శాతం మందికి లక్షణాలు కనీసం సగం తగ్గాయి. మామూలు పద్ధతిలో చికిత్స పొందినవారిలో ఇది 17 శాతమే. మానసిక వైద్యుల కొరత ఉన్న మనకు ఇంతకంటే పనికొచ్చే నమూనా నాకు కనబడలేదు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. ఆసుపత్రి, విశాఖలోని హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్లకు జిల్లాల నుంచి పేద స్త్రీలు వస్తారు. బీపీ, బరువు రాసే కేస్‌షీట్‌లోనే సున్నా నుంచి పది వరకు ఆమె మనోవేదన ఎంతో ఒక అంకె రాయించి, అది నాలుగు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే నర్సు కూర్చుని మాట్లాడే పద్ధతిని ఇలాంటి ఆసుపత్రులన్నిటిలో తప్పనిసరి చేయాలి. ఆపరేషన్‌కు, కీమోకు డబ్బు చెల్లించే ప్రభుత్వ పథకాలు ఈ పనినీ చికిత్సలో భాగంగానే లెక్కగట్టాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ అందుతోంది. ఊరికి తిరిగి వెళ్లిన వారికి అది ఆసరా అవుతుంది.

ఫోన్‌తో తీరని అవసరమూ ఒకటుంది. హార్మోన్ రిసెప్టార్ పాజిటివ్, అంటే హార్మోన్ల ప్రభావంతో పెరిగే రకం క్యాన్సర్ అని తేలిన ఎంతోమంది స్త్రీలు ఐదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం ఆ ప్రభావాన్ని అడ్డుకునే టమాక్సిఫెన్ మాత్ర వేసుకోవలసి ఉంటుంది. డిప్రెషన్‌కు తరచుగా రాసే ఫ్లూయాక్సిటిన్, పారాక్సిటిన్ మందులు, టమాక్సిఫెన్ శరీరంలో పనిచేసే రూపంలోకి మారడాన్ని అడ్డుకుంటాయి. వాటికి బదులు వెన్‌లఫాక్సిన్ వంటి మందు ఎంచుకోవచ్చు. కానీ క్యాన్సర్ సంగతి పొక్కకూడదని తమ ఊళ్లోని మానసిక వైద్యుడికి ఆ విషయమే చెప్పనివారికి ఈ జాగ్రత్త అందదు. కాబట్టి మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు టమాక్సిఫెన్ స్ట్రిప్పును వెంట తీసుకెళ్లి చూపించమని, ఆ మాత్ర మొదలుపెట్టిన రోజునే క్యాన్సర్ డాక్టరు ఆమెకు చెప్పాలి.