ఆకుల లంగా అద్దె ఆరు వందలు

ఈ పోస్ట్ చూసి మా అమ్మాయి స్కూల్ వాళ్లకి కోపం వస్తే రానివ్వండి. స్కూల్ పేరు మాత్రం రాయను. మీ పిల్లల స్కూల్లోనూ ఇంచుమించు ఇదే జరుగుతూ ఉంటుంది కాబట్టి పేరుతో పనిలేదు.

వాట్సాప్‌లో సర్క్యులర్ వచ్చింది. 'భిన్నత్వంలో ఏకత్వం' వేడుక, మూడో తరగతి బి సెక్షన్‌కి 'ట్రైబల్ డ్యాన్స్', డ్రెస్ తల్లిదండ్రులే చూసుకోవాలి. డ్రెస్సులు అద్దెకిచ్చే షాపుకి వెళ్లి 'ట్రైబల్' అన్నానో లేదో, అతను పై అరలోంచి ఒక కవర్ లాగి కౌంటర్ మీద పడేశాడు. ఆకుపచ్చ ప్లాస్టిక్ ఆకుల లంగా, పులిచారల గుడ్డ, తలకి ఒక ఈక, అట్టతో చేసిన బల్లెం. అద్దె ఆరు వందలు, డిపాజిట్ ఐదు వందలు. "ఏ తెగ వాళ్లది బాబూ ఇది?" అంటే, "అందరూ ఇదే తీసుకెళ్తారు మేడమ్" అన్నాడు. అతన్ననేం లాభం?

కడుపు మండింది ప్రోగ్రామ్ రోజున. స్టేజీ వెనక ఎనిమిదేళ్ల పిల్లల్ని వరసగా నిలబెట్టి మొహాలకి నల్లరంగు పూస్తున్నారు. మా అమ్మాయి అద్దంలో చూసుకుని, "అమ్మా, ట్రైబల్ అంటే నల్లగా ఉంటారా?" అనడిగింది. కొంగుతో తుడిచేశాను. టీచర్ నన్నొక చూపు చూసింది, చూడనీ. తర్వాత స్పీకర్‌లో ఏ భాషా కాని అరుపులు, మధ్యలో అట్ట మంట, చుట్టూ పిల్లలు గెంతడం. జనం ఈలలు వేశారు.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. పక్క సెక్షన్‌లో ఒక గోండు అమ్మాయి ఉంది. వాళ్లది ఉట్నూరు వైపు, తండ్రి ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చారు. ఆ పిల్లకి ఇచ్చింది పంజాబ్ భాంగ్రా! అయ్యాక గేటు దగ్గర వాళ్లమ్మ కలిసింది. "అక్కా, మీ పాప వేసింది ఎవరి డ్యాన్స్?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగింది. నేనేం చెప్పను?

ఆటో వచ్చేదాకా ఇద్దరం నిలబడ్డాం. దీపావళికి ఊరెళ్తున్నామని, అప్పుడు గోండులు చేసుకునే దండారీ పండుగ గురించి చెప్పింది. అందులో గుస్సాడీ వేషం కట్టి ఆడేవాళ్లు ఒంటికి బూడిద పూసుకుంటారట, పండుగ ముగిసేదాకా స్నానం చేయరట. ఒక ఊరి జట్టు ఇంకో ఊరికి ఆడుతూ వెళ్తే, ఆ ఊరివాళ్లు ఎదురొచ్చి తీసుకెళ్లి అన్నం పెడతారట. ఒక ఊరు ఇంకో ఊరికి అతిథిగా వెళ్లే పండుగ! మనం స్టేజీ ఎక్కి మైకులో చెప్పే మాటని వాళ్లు ఏటా నడిచి చేసి చూపిస్తున్నారు. "స్కూల్లో అడిగితే మా మామ వచ్చి చెప్పేవాడు. గుస్సాడీ నెమలీకల టోపీ మాత్రం తేలేం, అది మాకు దేవుడు" అంది. పరాయి సంస్కృతి గురించి పిల్లలు తెలుసుకోవాల్సిన మొదటి విషయం ఇది కాదా? అన్నీ అద్దెకి దొరకవని.

ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయికి చెందిన గుస్సాడీ కనకరాజుకి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన పోయారు. మా స్కూల్ జనరల్ నాలెడ్జ్ క్విజ్‌లో పద్మ అవార్డుల ప్రశ్నలుంటాయి గానీ, ఆయన ఆడిన ఆట మాత్రం ఆకుల లంగా అయిపోయింది. అదే మార్లవాయిలో 1940లలోనే హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త గోండు పిల్లలకి గోండీలో పాఠాలు చెప్పించాడు. కుమురం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వమే హైమెండార్ఫ్‌ని అక్కడికి పంపింది. 80 ఏళ్ల కిందటి బడికి తట్టిన ఆలోచన, ఏసీ క్లాసులున్న బడికి తట్టడం లేదు.

రాష్ట్రాలు ఒకదాని సంస్కృతి ఇంకొకటి తెలుసుకోవాలని 2015లో కేంద్రం 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' ప్రకటించింది, అందులో తెలంగాణకి హర్యానాని జత కట్టారు. మంచిదే. పిల్లలు హర్యానా మీద చార్టులు రాశారు, అంటే నెట్ సెంటర్ వాళ్లు ప్రింట్ తీసి ఇచ్చారు. పక్క బెంచీలో బీహార్ నుంచి వచ్చిన పిల్లాడున్నాడు, వాళ్ల నాన్న టైల్స్ వేస్తాడు. మీ ఇంట్లో పండక్కి ఏం వండుతారురా అని వాణ్ని ఎవరూ అడగలేదు. అడగడానికి బడ్జెట్ అక్కర్లేదు కదా.

"పిల్లల ప్రోగ్రామ్‌ని ఇంత సీరియస్‌గా తీసుకుంటారేంటి" అని గ్రూప్‌లో ఒకావిడ. పిల్లలది కాబట్టేనండీ. పెద్దయ్యాక వాళ్ల ఆఫీసులో ఒక గోండు కుర్రాడు చేరితే, ముందు గుర్తొచ్చేది ఆ నల్లరంగే.

నా గొడవల్లా ఒకటే: వేషం కాదు, మనిషిని పిలవండి. లంబాడీ తల్లి ఎవరైనా ఉంటే శ్రావణంలో తీజ్ గురించి అడగండి. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. క్లాసుకొక బుట్ట పెట్టి రోజూ మొలక కొలిస్తే సైన్స్ టీచర్ కూడా సంతోషిస్తుంది. బతుకమ్మకి ప్లాస్టిక్ పూలు కొనడం మానేసి, గునుగు పూలకి రంగులు అద్దడం తెలిసిన అమ్మమ్మని ఒక పూట కూర్చోబెట్టండి. గంట చాలు. చేతులకి రంగంటుకుంటుంది, అంటుకోనీండి.

ఇదంతా ప్రిన్సిపాల్‌కి మెయిల్ చేశాను. "మీ సూచనలకు ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. షాపువాడేమో రెండు ఆకులు ఊడాయని డిపాజిట్‌లో నూటయాభై కోసుకున్నాడు.