తెల్లబడ్డ నాలుకను గీకితే పోయేది విషం కాదు, చర్మం

ఒడిశాలో రాయగడ నుంచి గుణుపురం దాకా మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ వేసవంతా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. తెలుగులో ఒకటి, అదే ఒడియాలో ఇంకొకటి. నాలుక తెల్లగా, పొడిగా ఉండి మండుతుంటే కడుపులో విషం పేరుకుందట. రాగి బద్దతో గట్టిగా గీకి, ఉప్పు కలిపిన నిమ్మరసం రుద్ది, మూడు రోజులు పస్తుంటే దిగిపోతుందట. పసిపిల్లలకైతే తేనె రాయాలట. డాక్టరు దగ్గరకు వెళ్లడం డబ్బు దండగట.

మా పిన్ని దీన్ని నమ్మింది. నేను వెళ్లేసరికి పెరట్లో కుళాయి దగ్గర బద్ద పట్టుకుని కూర్చుంది. ఉమ్మిలో ఎర్రచార. "ఇసం దిగుతోందిరా, సూడు" అంది. అప్పటికి రెండు రోజులుగా చల్లటి చోడి అంబలి కూడా గొంతు దిగడం లేదు.

ముందు ఆ విషం సంగతి. నాలుక మీద నూగులాంటి సన్నని బుడిపెలుంటాయి. రాలిన కణాలు, తిండి తునకలు, సూక్ష్మజీవులు వాటి మధ్య ఇరుక్కుంటే తెల్లటి పొర కడుతుంది. దాన్ని రోజూ కడిగేది మన ఉమ్మే. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. జ్వరంలో నీళ్లు తక్కువైనా, ముక్కు దిబ్బడేసి రాత్రంతా నోటితో ఊపిరి తీసినా, నాలుగు రోజులు జావ మీదే ఉన్నా పొర మందమవుతుంది. కొన్ని అలర్జీ మాత్రలు, బీపీ మాత్రలు, డిప్రెషన్ మాత్రలు కూడా నోటిని ఎండగడతాయి. ఇందులో కడుపులోని విషానికి చోటెక్కడ?

ఇక పస్తు. ఎండిన నోటికి కావాల్సింది నీళ్లు, నమలడం. రెండూ మానేస్తే పొర ఇంకా పెరుగుతుంది. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఈ మాట విని మూడు రోజులు పస్తుంటే షుగర్ పడిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు.

గీకుడు దగ్గర కొంచెం ఆగాలి. బద్ద తప్పేం కాదు, పొద్దున్నే ఒకసారి మెల్లగా గీసుకుంటే మంచిదే. నొప్పి పుడుతున్న నాలుకను గీకడమే తప్పు. పిన్నిని ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు ఒడియాలో అడిగిన మొదటి ప్రశ్న నాలుక గురించి కాదు, ఏయే మందులు వాడుతున్నారని. పిన్నికి ఆయాసం. స్టెరాయిడ్ ఉన్న ఇన్హేలర్ రాత్రి పీల్చుకుని అలాగే పడుకుంటుంది. ఆ మందు నోట్లో మిగిలిపోతే కాండిడా అనే ఫంగస్‌కు పండగే. గాజుగుడ్డతో తుడిస్తే తెలుపు పెరుగు తరకలా ఊడొచ్చింది, కింద ఎర్రగా పచ్చిపుండు. దాని మీదే రెండు రోజులు ఉప్పూ నిమ్మరసం రుద్దింది పాపం. ఫంగస్‌కు పూసే మందు ఇచ్చి, పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మమన్నారు. షుగర్ అదుపులో లేనివాళ్లకు, యాంటీబయాటిక్ వాడినవాళ్లకు, కట్టుడు పళ్లు రాత్రిళ్లు తీయనివాళ్లకు కూడా ఇది వస్తుంది. ఏ కారణమూ కనిపించకుండా మళ్లీ మళ్లీ వస్తే షుగర్, హెచ్ఐవీ పరీక్షలు చేయించుకోవాలి.

తేనె విషయం ఒక్క మాటలో: ఏడాది లోపు పిల్లలకు వద్దు. బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. పాల మరక తడిగుడ్డకు పోతుంది. పోకపోతే బిడ్డను డాక్టరుకు చూపించండి.

డాక్టరు దండగ అన్న మాటే అన్నిటికన్నా ప్రమాదం. ఎందుకంటే తుడిచినా ఊడని తెలుపు ఇంకొకటుంది. వలలాగా తెల్లగీతలు పడి కారం తగిలితే మండేది లైకెన్ ప్లానస్ అనే జబ్బు కావచ్చు. గుట్కా, ఖైనీ, గుడాకు (పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద) వాడేవాళ్లకు మచ్చలా కనిపించేది ల్యూకోప్లేకియా కావచ్చు. అది చాలాసార్లు నొప్పే ఉండదు, కొందరిలో కేన్సర్‌గా మారుతుంది. శ్రీకాకుళం వైపు మన ముసలమ్మలు నిప్పు లోపలికి పెట్టి తాగే అడ్డపొగ చుట్ట అంగిలిని తెల్లబరుస్తుంది, అక్కడ కేన్సరూ వస్తుంది. వక్క బాగా నమిలేవాళ్లకు నోరు మండి, పాలిపోయి, రానురాను తెరుచుకోదు. వీటిలో ఏది బద్దతో గీకితే పోతుంది?

రెండు వారాలు దాటినా తగ్గని తెలుపు ఏదైనా చూపించుకోవాల్సిందే. ఖర్చంటారా, ఒడిశా సర్కారీ ఆసుపత్రుల్లో 2015 నుంచి నిరామయ కౌంటర్లలో మందులు ఉచితంగా ఇస్తున్నారు.

ఆ మెసేజ్‌ను మా గ్రూపులో పెట్టింది మా బావ. కింది పెదవి లోపల, ఖైనీ నొక్కిపెట్టుకునే చోట, అతనికీ ఒక తెల్ల మచ్చ ఉంది. నొప్పి లేదు కదా అంటాడు. సోమవారం ఓపీకి నేనే వెంటబెట్టుకుని వెళ్తున్నాను.