జ్వరానికీ డిప్యుటేషన్ ఇవ్వాలి

ఏజెన్సీలో వైద్యులు లేరని వాపోయేవారు బదిలీల కాలంలో హైదరాబాద్‌కు వచ్చి, ఆరోగ్యశాఖ కార్యాలయాల వరండాల్లో ఒక పూట నిలబడాలని మనవి. ఉట్నూరు, ఏటూరునాగారం, అమ్రాబాద్‌లకు కేటాయించిన వైద్యం ఎంత సమృద్ధిగా ఉందో అక్కడ కళ్లారా చూడవచ్చు. పోస్టు అక్కడ, జీతం అక్కడ, మనిషి మాత్రం ఇక్కడ. ఈ అద్వైతాన్నే పాలనా పరిభాషలో డిప్యుటేషన్ అంటారు.

మైదానంలో 30 వేల మందికి, గిరిజన ప్రాంతాల్లో 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్న నిబంధనను మనవాళ్లు చాలావరకు పాటించారు. భవనానికి భార్యాభర్తలను ఒకేచోట ఉంచే స్పౌజ్ కోటా గాని, ఐఐటీ ఫౌండేషన్ చదివే పిల్లలు గాని లేరు కనుక అది వేసినచోటే ఉంది. క్వార్టర్స్ గోడలో రావిచెట్టు మొలిచినచోట కాపురం పెట్టమని డాక్టరును అడగడమూ న్యాయం కాదనుకోండి.

శిక్షణ విషయంలోనూ లోపం లేదు. స్కానింగులు, సీనియర్లు చుట్టూ ఉన్న పెద్దాసుపత్రిలో ఐదున్నరేళ్లు తయారుచేసి, ఆ రెండూ లేనిచోటికి పంపుతాం. దేశ ఆరోగ్య వ్యవస్థ ఎలా ఉండాలో చెప్పిన భోర్ కమిటీ 1946లోనే ప్రతి వైద్యుడికీ సామాజిక వైద్యంలో మూడు నెలల శిక్షణ కావాలంది. తక్కువ కాలంలో చదువు ముగించే లైసెన్షియేట్ డాక్టర్ల కోర్సును ఆపేయాలని అందులో ఎక్కువమంది సభ్యులు సూచించారు. ఆపేయడంలో మనం ఎన్నడూ వెనకబడలేదు.

కాబట్టి నా ప్రతిపాదన ఒక్కటే. వానాకాలం మొదలుకాగానే ఏజెన్సీ జ్వరాలన్నిటినీ మూడు నెలలపాటు డిప్యుటేషన్ మీద రాజధానికి రప్పించాలి. దోమకు టీఏ, డీఏ ఇవ్వనవసరం లేదు. దరఖాస్తు మాత్రం త్రూ ప్రాపర్ ఛానెల్ రావాలి.

ఈ ఏర్పాటుకు ఏకైక అడ్డంకి ఆశా కార్యకర్త. 2005లో మొదలైన పథకం ప్రకారం వెయ్యి జనాభాకు ఒకరు, అదీ ఆ ఊరి మహిళే అయి ఉండాలి. కాగితాల్లో ఆమె స్వచ్ఛంద కార్యకర్త. ఉద్యోగమే కాదు కనుక బదిలీ లేదు, బదిలీ లేదు కనుక పైరవీ లేదు. అర్ధరాత్రి నొప్పులు పడుతున్న గర్భిణిని అంబులెన్సు ఎక్కించేదీ, పసిబిడ్డ టీకా తేదీ గుర్తుపెట్టుకునేదీ ఆమే కావడం వ్యవస్థకు కొంత ఇబ్బందికరమే. నెలకు 18 వేల స్థిర వేతనం కావాలని వాళ్లు హైదరాబాద్ దాకా వచ్చి ధర్నా చేశారు. అయిపోగానే బస్సెక్కి ఊళ్లకు తిరిగి వెళ్లారు. నగరంలో ఉండిపోవడం ఎలాగో వాళ్లకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు కాబోలు.