హ్యున్ బిన్ నచ్చాడా? తర్వాతి డ్రామాను రచయిత పేరు చూసి ఎంచుకోండి

కొరియన్ డ్రామా 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యు' చూసేసినవాళ్లు వెంటనే అడిగేది ఒకటే. దాని హీరో హ్యున్ బిన్ చేసిన డ్రామాలు ఇంకేమున్నాయి? పదహారు ఎపిసోడ్లు అతను చేసిన ఉత్తర కొరియా సైనికాధికారి కెప్టెన్ రి జోంగ్ హ్యోక్‌తో గడిపాక అతన్ని అంత తేలిగ్గా వదులుకోబుద్ధి కాదు మరి. చిక్కల్లా ఆ ప్రశ్నకు దొరికే జవాబుతోనే. నెట్‌లో ఎక్కడ చూసినా అతని డ్రామాల పేర్లు వరసగా రాసి, పక్కన రేటింగ్ వేసి, 'తప్పక చూడండి' అంటారు. ఆ జాబితా పట్టుకుని 'మెమరీస్ ఆఫ్ ది అల్హంబ్రా' మొదలుపెట్టినవాళ్లలో చాలామంది సగంలో తికమకపడి ఆపేస్తారు. 'సీక్రెట్ గార్డెన్' పెట్టినవాళ్లకు రెండు మూడు ఎపిసోడ్లకే హీరో మీద ఒళ్లు మండుతుంది. నటుడు అతనే. వాళ్లు వెతుక్కుంటూ వచ్చిన మనిషి మాత్రం అక్కడ ఉండడు.

ఆ మనిషిలో సగం హ్యున్ బిన్, సగం పార్క్ జి యున్. 'క్రాష్ ల్యాండింగ్' రాసింది ఆవిడే.

మనకు సినిమా అంటే ముందు హీరో, ఆ తర్వాత దర్శకుడు. రచయిత పేరు టైటిల్స్‌లో వచ్చి పోతుంది. ఆ అలవాటుతోనే కొరియన్ డ్రామాల దగ్గరికీ వెళ్తాం. కానీ కొరియాలో టీవీ డ్రామాకు పెద్ద దిక్కు రచయిత. పదహారు ఎపిసోడ్లు, ఒక్కోటి గంటకు పైనే, మామూలుగా వారానికి రెండు. అంత కథనూ చాలాసార్లు ఒకరే రాస్తారు. పైగా చాలాకాలం పాటు, ఒక పక్క ప్రసారం అవుతుండగానే మరో పక్క స్క్రిప్టు రాసేవాళ్లు, షూటింగ్ చేసేవాళ్లు. హీరో ఎలా మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి, ప్రేమను చేతల్లో చూపించాలా మాటల్లోనా అన్నది రచయిత చేతిలోనే ఉండేది. అందుకే అక్కడ కొత్త డ్రామా వార్తల్లో 'ఫలానా రచయిత తర్వాతి డ్రామా' అన్న మాట హీరో పేరంత గట్టిగా వినబడుతుంది. పేరున్న ఆ రచయితల్లో చాలామంది ఆడవాళ్లే.

'క్రాష్ ల్యాండింగ్'లో మార్కెట్ సీన్ గుర్తు తెచ్చుకోండి. సోల్‌లో కోట్లకు వారసురాలైన యూన్ సె రి ఉత్తర కొరియాలో చీకటిపడ్డ సంతలో తప్పిపోతుంది. జనం మధ్య అటూ ఇటూ చూస్తూ బెంబేలెత్తిపోతుంది. అంతలో దూరంగా ఒక చెయ్యి పైకి లేస్తుంది, ఆ చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తి. అంతకుముందు ఆమె సువాసన కొవ్వొత్తి కావాలంటే అతను మామూలు కొవ్వొత్తి తెచ్చి ఇచ్చాడు. ఈసారి తెచ్చింది సువాసన వచ్చేదే. అతను తన ప్రేమ గురించి ఒక్క మాటా అనడు. ఆమెకు కాఫీ అలవాటని పచ్చి గింజలు కొని, ఇనపపాత్రలో వేయించి, చేత్తో నూరి కాచి ఇస్తాడు. అప్పుడూ అంతే. చేసిపెట్టడమే అతని భాష.

ఈ పద్ధతి రచయితది. పార్క్ జి యున్ కథల్లో నోరూ వాయీ హీరోయిన్‌కు ఉంటాయి. డబ్బు, పేరు, పొగరు ఉన్న ఆడమనిషి ఒక్కసారిగా దిక్కులేని చోట పడుతుంది. పక్కనున్న మగవాడు తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ చూసుకుంటాడు. 2013-14లో వచ్చిన 'మై లవ్ ఫ్రమ్ ది స్టార్'లో జన్ జి హ్యున్ చేసిన సినిమాతార అలాంటిదే. 2024 నాటి 'క్వీన్ ఆఫ్ టియర్స్'లో కిమ్ జి వోన్ చేసిన డిపార్ట్‌మెంట్ స్టోర్ యజమానురాలూ అలాంటిదే. 2020 ఫిబ్రవరిలో 'క్రాష్ ల్యాండింగ్' ఆఖరి ఎపిసోడ్‌కు 21.7 శాతం రేటింగ్ వచ్చింది. టీవీఎన్ ఛానల్ డ్రామాల్లో అదే రికార్డు. దాన్ని నాలుగేళ్ల తర్వాత దాటింది 'క్వీన్ ఆఫ్ టియర్స్'. పార్క్ జి యున్ రికార్డును పార్క్ జి యునే దాటిందన్నమాట. రెండింట్లోనూ హీరో వేరు, హీరోయిన్ వేరు. కాబట్టి సె రి, జోంగ్ హ్యోక్‌ల మధ్య నడిచిన ఆ వరస కావాలనుకునేవాళ్లు 'మై లవ్ ఫ్రమ్ ది స్టార్', 'క్వీన్ ఆఫ్ టియర్స్' చూడాలి. వాటిలో హ్యున్ బిన్ లేకపోయినా సరే.

ఇలా అంటున్నానని హ్యున్ బిన్‌ను తక్కువ చేస్తున్నట్టు కాదు. 2011 మార్చిలో, కెరీర్ మాంచి ఊపు మీదున్నప్పుడు, తనే కోరుకుని మెరైన్ దళంలో చేరి 2012 డిసెంబర్ దాకా పనిచేశాడు. కెప్టెన్ నడకలో, నిలబడే తీరులో ఆ అనుభవం కూడా ఉందని నాకనిపిస్తుంది. సె రిగా చేసిన సన్ యే జిన్ చకచకా మాట్లాడుకుపోతుంటే అతను కళ్లతో మాత్రమే బదులిచ్చే చోట్లు ఆ డ్రామాకు ప్రాణం. (వాళ్లిద్దరూ 2022 మార్చిలో పెళ్లి చేసుకున్నారని ఈపాటికి తెలియనివాళ్లు ఉండరు. అతను పియానో వాయించిన స్విట్జర్లాండ్ సరస్సు రేవుకు జనం ఎగబడితే, ఇసెల్ట్‌వాల్డ్ అనే ఆ చిన్న ఊరు రేవు మీదికి వెళ్లడానికి 5 ఫ్రాంకుల టికెట్ పెట్టింది.) నటుడి గొప్పతనం ఎక్కడ తెలుస్తుందంటే, వేర్వేరు రచయితలు చెప్పిన వేర్వేరు మనుషుల్లోకి అతను ఎంత పూర్తిగా వెళ్లాడో చూసినప్పుడు. ఆ రకంగా చూస్తే అతని పాత డ్రామాలు కొరియన్ రచయితలను పరిచయం చేసుకోవడానికి మంచి దారి.

'సీక్రెట్ గార్డెన్'ది కిమ్ యున్ సుక్ కలం. 2010 నవంబర్ నుంచి 2011 జనవరి దాకా ఎస్‌బీఎస్ ఛానల్‌లో వచ్చింది. ఆఖర్లో రేటింగ్ 35 శాతం దాటింది. అందులో హ్యున్ బిన్ డిపార్ట్‌మెంట్ స్టోర్ నడిపే డబ్బున్న కుర్రాడు, హా జి వోన్ సినిమాల్లో స్టంట్లు చేసే అమ్మాయి. కిమ్ యున్ సుక్ హీరోలు ఊరుకునే రకం కాదు. ప్రతి మాటా పదునుగా ఉంటుంది, మర్నాడు జనం నోట నానుతుంది. 'ఇంతేనా మీరు చేయగలిగింది? కచ్చితంగా?' అని ఆ హీరో ఉద్యోగులను నిలదీసే మాట కొరియాలో అలాగే ఊరంతా తిరిగింది. అతను వేసుకున్న నీలం రంగు తళుకుల ట్రాక్‌సూట్‌కు నకళ్లు పుట్టుకొచ్చాయి.

కానీ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆమె వద్దంటున్నా చెయ్యి పట్టి లాగడం, బలవంతంగా ముద్దుపెట్టడం అందులో ప్రేమగా చెల్లిపోయాయి. అప్పట్లో చాలా డ్రామాల్లో ఇదే వరస. 'క్రాష్ ల్యాండింగ్' చూసి వచ్చిన అమ్మాయికి ఇవి మింగుడుపడవు, పడాల్సిన పనీ లేదు. ఆ డ్రామాలో చూడదగ్గది వేరే ఉంది. కథ మధ్యలో హీరో హీరోయిన్ల శరీరాలు మారిపోతాయి. ఒళ్లు వంచి పనిచేసే స్టంట్ అమ్మాయి ఆ కోటీశ్వరుడి దేహంలో ఉంటే కూర్చోవడం, నడవడం, కోపగించుకోవడం ఎలా మారతాయో హ్యున్ బిన్ వెకిలితనం లేకుండా చేసి చూపించాడు. కిమ్ యున్ సుక్ మాటల పదును నచ్చి, ఆ మొరటుతనం నచ్చనివాళ్లు 'మిస్టర్ సన్‌షైన్'కో, 'ద గ్లోరీ'కో వెళ్లడం మేలు.

'మెమరీస్ ఆఫ్ ది అల్హంబ్రా' 2018-19 నాటిది. రాసింది సాంగ్ జే జంగ్. ఈవిడకు ప్రేమకథ కంటే కథలోని నియమాలతో ఆడుకోవడం ఇష్టం. కళ్లలో లెన్స్ పెట్టుకుంటే కనబడే ఆట ఒకటుంది. అందులో చచ్చినవాడు నిజంగానే చచ్చిపోతే ఎలా ఉంటుందన్నది కథ. మొదటి ఎపిసోడ్‌లో హ్యున్ బిన్ అర్ధరాత్రి స్పెయిన్‌లోని గ్రనడా వీధిలో నిలబడి తుప్పుపట్టిన కత్తితో యోధుడితో పోరాడతాడు. ఓడతాడు, మళ్లీ మొదలుపెడతాడు, మళ్లీ ఓడతాడు. దారినపోయేవాళ్లకు మాత్రం ఒక మనిషి ఖాళీ గాలిలో చేతులు విసురుతూ కనిపిస్తాడు. ఎపిసోడ్లు గడిచేకొద్దీ ఆ ఖాళీ గాలే అతనికి ప్రాణభయం అవుతుంది. వాన, ఉరుము, గిటార్ రాగం వినబడితే చాలు, మనకూ గుండె దడ మొదలవుతుంది. అహంకారంతో వచ్చిన వ్యాపారి ఎవరూ నమ్మని ఒంటరివాడుగా మారడం హ్యున్ బిన్ నటనలో నాకు బాగా నచ్చినవాటిలో ఒకటి. ముగింపు తేల్చకుండా వదిలేశారన్న విమర్శ న్యాయమైనదే. ప్రేమకథ అంటారా, అది పక్కన నడుస్తుంది, అంతే. దీన్ని రొమాన్స్ జాబితాలో పెట్టి సిఫారసు చేయడం చూసేవాళ్లకు, డ్రామాకు కూడా అన్యాయం. ఇది నచ్చితే అదే రచయిత 'డబ్ల్యు', 'నైన్' చూడండి. ఒకదాంట్లో మనుషులు కామిక్ పుస్తకంలోకి వెళ్లివస్తారు, రెండోదాంట్లో గతంలోకి.

2005 నాటి 'మై లవ్లీ సామ్ సూన్' గురించి ఒక హెచ్చరిక. అది కిమ్ సన్ ఆ డ్రామా. ముప్పైకి దగ్గరపడుతూ, లావుగా ఉన్నానని, పేరు పాతకాలంగా ఉందని నలుగురితో మాటలు పడే కేకుల తయారీ నిపుణురాలి కథ. క్రిస్మస్ ముందు రాత్రి ప్రియుడి మోసం బయటపడ్డాక హోటల్‌లో మగవాళ్ల టాయిలెట్‌లో దాక్కుని, కాటుక చెంపల మీదికి కారేలా ఏడుస్తుంది. ఆ తలుపు కొట్టినవాడు హ్యున్ బిన్. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. కొరియాలో ఆఖరి ఎపిసోడ్‌కు 50 శాతం దాటిన రేటింగ్ ఆ అమ్మాయికి పడిన ఓటు. అతని కోసం చూస్తే పెంకి కుర్రాడు కనబడతాడు, ఆమె కోసం చూస్తే ఇరవై ఏళ్ల తర్వాత కూడా పాతబడని మనిషి కనబడుతుంది. 2015 నాటి 'హైడ్ జెకిల్ మీ' వీరాభిమానులకు తప్ప అవసరం లేదు.

ఇక నేను అందరికంటే ముందు చూడమనే డ్రామా ఏ జాబితాలోనూ పైన ఉండదు. 2008లో కేబీఎస్ ఛానల్‌లో వచ్చిన 'వరల్డ్స్ వితిన్'. రేటింగ్ పది శాతం దాటలేదు. రాసింది నో హీ క్యంగ్. హ్యున్ బిన్, సాంగ్ హే క్యో ఒకే టీవీ ఛానల్‌లో డ్రామా దర్శకులు. డ్రామాలు తీసేవాళ్ల బతుకు మీదే డ్రామా. షూటింగ్ ఆలస్యం, టేపు సమయానికి అందుతుందో లేదో అన్న టెన్షన్, అలిగిన సీనియర్ నటులు, రేటింగ్ వచ్చిన మర్నాటి ఆఫీసు వాతావరణం, అన్నీ ఉంటాయి. విలన్ లేడు, జ్ఞాపకశక్తి పోవడం లేదు, పెళ్లికి అడ్డంపడే కోటీశ్వరురాలైన అత్తగారు లేదు. ఇద్దరు మంచివాళ్లు ప్రేమించుకుంటారు, విడిపోతారు. అమ్మాయిది కలిగిన ఇల్లు, అతనిది పల్లెటూరి పేద ఇల్లు. ఆ తేడా ఆమె ఎప్పుడూ ఎత్తి చూపకపోయినా అతని లోపల నలుగుతూనే ఉంటుంది. ఆ అభిమానం కొద్దీ సరైన కారణం చెప్పకుండా ఆమెను దూరం పెడతాడు. రి జోంగ్ హ్యోక్ మౌనం సె రికి ఆసరా అయింది. ఇక్కడ అదే నటుడి మౌనం ఎదుటి మనిషిని కోస్తుంది. రెండూ వెంట వెంట చూడండి, హ్యున్ బిన్ ఎంత నటుడో అప్పుడు తెలుస్తుంది.

'వరల్డ్స్ వితిన్'లో సీనియర్ నటి పాత్ర వేసినావిడ యూన్ యో జంగ్. 2021లో 'మినారి'కి ఆస్కార్ అందుకున్నది ఆవిడే. నో హీ క్యంగ్ నచ్చితే ఆవిడే ఉన్న 'డియర్ మై ఫ్రెండ్స్' వైపు వెళ్లండి. అందులో అరవై, డెబ్బై దాటిన ఆడవాళ్లే హీరోయిన్లు. హ్యున్ బిన్ కోసం మొదలైనవాళ్లను అక్కడిదాకా తీసుకెళ్లలేని సిఫారసు నా దృష్టిలో అరకొర సిఫారసే. పాత డ్రామాలు అన్ని ఓటీటీల్లోనూ దొరకవు, వెతుక్కోవాలి. వెతికిన కష్టం వృథా పోదు.

అయితే రచయిత పేరు చూసి ఎంచుకునే ఈ లెక్క కూడా ఇప్పుడు మారుతోంది. ఓటీటీలకు పొట్టి సిరీస్‌లు తీస్తున్నారు. సినిమా దర్శకులు అటు వస్తున్నారు, ప్రచారంలో వాళ్ల పేర్లే ముందుంటున్నాయి. హ్యున్ బిన్ 2025 డిసెంబర్‌లో డిస్నీ ప్లస్‌లో చేసిన 'మేడ్ ఇన్ కొరియా' దర్శకుడు వూ మిన్ హో. అంతకు ఏడాది ముందు అతనితో 'హార్బిన్' సినిమా తీసింది కూడా ఆయనే. 1970ల నాటి కొరియా, గూఢచారి సంస్థ, అధికారం కోసం ఏమైనా చేసే మనిషి. కెప్టెన్ రి కోసం వెళ్లేవాళ్లకు ఇక్కడ ఏమీ దొరకదు. వెళ్లేముందు అదే కాలం మీద వూ మిన్ హో తీసిన 'ద మ్యాన్ స్టాండింగ్ నెక్స్ట్' సినిమా ఒకసారి చూడండి. అది నచ్చితే ఇది మీ కోసమే.