అంతరిక్షంలో విశ్రాంతి: ముందు తిరుగు దారి చూపండి

మోకాళ్లు సహకరించవు. మెట్లెక్కాలంటే ఆయాసం. బాత్‌రూంలో కాలు జారితే మళ్లీ లేవగలమా అన్న టెన్షన్ ఒకటి. ఈ వయసులో ఒంటి బరువు మోయడమే పెద్ద పని. ఆ బరువే తెలియని చోట శేష జీవితం గడపవచ్చు కదా అనే ఆశ సహజం. ప్రిన్స్‌టన్ భౌతిక శాస్త్రవేత్త జెరార్డ్ ఓనీల్ 1970లలో ప్రతిపాదించిన అంతరిక్ష నివాసాలు తమ చుట్టూ తాము తిరిగే భారీ గొట్టాలు. అంచున ఉంటే భూమ్మీద ఉన్నంత బరువు, ఇరుసు వైపు వెళ్లేకొద్దీ తేలిక. నడవలేని పెద్దలకు ఇరుసు దగ్గర ఇల్లు అన్న ఊహను పగటికల అని కొట్టిపారేయడం మాకిష్టం లేదు.

వయసు అడ్డమనే మాట కూడా ఇక చెల్లదు. జాన్ గ్లెన్ 1998లో 77 ఏళ్ల వయసులో తొమ్మిది రోజులు కక్ష్యలో గడిపారు. డాన్ పెటిట్ 220 రోజులు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పనిచేసి, 2025 ఏప్రిల్ 20న సరిగ్గా తన 70వ పుట్టినరోజున నేలకు దిగారు. అయితే వీళ్లు తర్ఫీదు పొందిన వ్యోమగాములు. పైగా పని ముగించుకుని వచ్చేశారు. అక్కడే ఉండిపోవడం వేరే సంగతి.

భార రహిత స్థితి ఒంటికి ఏం చేస్తుందో నేలమీదే తెలుసుకోవడానికి పరిశోధకులు ఏం చేస్తారో చూడండి. ఆరోగ్యవంతులను తల వైపు ఆరు డిగ్రీలు వాలిన మంచం మీద వారాల తరబడి పడుకోబెడతారు. తిండి, స్నానం, కాలకృత్యాలు అన్నీ పడుకునే. జర్మనీలోని కొలోన్‌లో 2019లో జరిగిన ప్రయోగంలో ఇలా 60 రోజులు గడిపారు. అంటే కండరాలకు, ఎముకలకు సంబంధించినంత వరకు అంతరిక్షంలో తేలడం మంచాన పడటంతో సమానం. ఏ స్థితికి పెద్దలు అన్నిటికంటే ఎక్కువగా భయపడతారో, దాన్నే విశ్రాంతి పేరుతో ఇస్తామంటే ఎలా?

తుంటి ఎముకల్లాంటి బరువు మోసే ఎముకల సాంద్రత అక్కడ నెలకు 1 నుంచి 1.5 శాతం తగ్గుతుంది. భూమ్మీద వృద్ధులకు దాదాపు ఏడాదిలో జరిగే నష్టమిది. దీన్ని అడ్డుకోవడానికే వ్యోమగాములు రోజూ సుమారు రెండు గంటలు వ్యాయామం చేస్తారు. భుజాలకు, నడుముకు పట్టీలు బిగించుకుని, సాగే తాళ్లు కిందికి లాగుతుంటే ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తుతారు. కీళ్ల నొప్పులున్న 75 ఏళ్ల మనిషికి ఇది విశ్రాంతి అవుతుందా? కంటి నరం దగ్గర వాపు, రేడియేషన్ ముప్పు సరేసరి.

అసలు చిక్కు తిరిగి రావడంలో ఉంది. గట్టి ఒళ్లున్న వ్యోమగాములనే దిగిన వెంటనే పట్టుకుని కూర్చోబెట్టి మోసుకెళ్లడం చూస్తుంటాం. ఐదారేళ్లు పైన గడిపిన వృద్ధురాలు మనవరాలిని చూడాలనుకుంటే, దిగేటప్పటి ఒత్తిడిని, ఆ తర్వాత తన బరువును ఆ ఎముకలు తట్టుకోవాలి. తట్టుకోలేకపోతే అక్కడే ఉండక తప్పదు. ఇష్టపడి వెళ్లిన చోటే అయినా, రాలేని నాడు దాన్ని ఇల్లు అనలేం.

కొంచెం బరువుంటే చాలదా అంటే, జవాబు ఇంకా ఎవరి దగ్గరా లేదు. భూమిలో ఆరో వంతు ఆకర్షణ ఉన్న చంద్రుడిపై మనుషులు అత్యధికంగా గడిపింది 1972లో, అపోలో 17 యాత్రలో, దాదాపు 75 గంటలు మాత్రమే. మూడు రోజుల అనుభవంతో ముప్పై ఏళ్ల వృద్ధాప్యానికి హామీ ఇవ్వలేం. అందుకే తిరిగే కేంద్రాన్ని ముందు చిన్నగానైనా కట్టి, తక్కువ బరువు దీర్ఘకాలంలో ఏం చేస్తుందో పరీక్షించాలి. ఆ పరీక్షల్లో పెద్దవాళ్లకూ చోటు ఉండాలి.

చట్టం సంగతీ తేలాలి. అమెరికాలో అంతరిక్ష ప్రయాణికుల భద్రతపై నిబంధనలు పెట్టకుండా అక్కడి ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థపై 2028 జనవరి 1 వరకు ఆంక్ష ఉంది. అప్పటిదాకా ప్రయాణికుడు ముప్పు తెలుసుకుని సంతకం పెడితే చాలు. కొన్ని నిమిషాల యాత్రకు ఆ సంతకం సరిపోతుందేమో, జీవితాంతపు నివాసానికి సరిపోదు. కోరినప్పుడు దింపే నౌక, దిగాక చికిత్స, ఆ ఖర్చు ఎవరిదన్నది ఒప్పందంలో ఉండాలి. అవి రాసి ఇవ్వని సంస్థ ఏ పెద్దమనిషి దగ్గరా అడ్వాన్స్ తీసుకోకుండా ప్రభుత్వాలు ఇప్పుడే నిషేధించాలి.