అడుసు తొక్కి, కాలు కడిగి

2024 జులై 29న బ్రిటన్ ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ పార్లమెంటులో లేచి, గత ప్రభుత్వం ఖజానాలో 2,200 కోట్ల పౌండ్ల గొయ్యి తవ్వి వెళ్లిందని చెప్పారు. దాన్ని పూడ్చడానికి వృద్ధులకు చలికాలంలో ఇచ్చే ఇంధన భత్యంలో కోత పెడుతున్నామని ప్రకటించారు. లేబర్ పార్టీ అధికారంలోకి వచ్చి అప్పటికి నెల కూడా నిండలేదు. ఏటా ఇంటికి 200 నుంచి 300 పౌండ్ల దాకా వచ్చే ఆ సాయం అంతవరకూ పేద, ధనిక తేడా లేకుండా పింఛను వయసు దాటిన అందరికీ అందేది. ఇకపై నిరుపేదలకే అన్నారు. దాదాపు కోటి మంది పేర్లు జాబితాలోంచి రాలిపోయాయి.

ఆ కోత వల్ల మిగిలేది ఏడాదికి సుమారు 140 కోట్ల పౌండ్లు. ప్రభుత్వం ఏటా పెట్టే ఖర్చు లక్ష కోట్ల పౌండ్లు దాటే దేశంలో అది చిల్లర. నిజానికి ఆ ఆలోచనలో తప్పు లేదు. సొంత ఇల్లూ మంచి పింఛనూ ఉన్న పెద్దాయనకు ప్రభుత్వం కట్టెల ఖర్చు ఇవ్వాలా అన్నది అడగదగిన ప్రశ్నే. కానీ అడిగిన తీరు చూడండి. ఎన్నికల ప్రణాళికలో దీని ఊసు లేదు, ముందుగా ప్రజలకు నచ్చజెప్పిందీ లేదు. పేదలకూ మధ్యతరగతికీ మధ్య ఎక్కడ గీత గీయాలో తీరిగ్గా లెక్క వేసుకున్నదీ లేదు.

2025 మే 1న స్థానిక ఎన్నికలు వచ్చాయి. అదే రోజు రన్‌కార్న్, హెల్స్‌బీ నియోజకవర్గంలో ఉప ఎన్నిక జరిగింది. పది నెలల కిందట లేబర్ పార్టీ 14 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచిన స్థానం అది. ఓ ఓటరును కొట్టిన కేసులో శిక్ష పడ్డ లేబర్ ఎంపీ రాజీనామా చేయడంతో ఖాళీ అయింది. వలసలను వ్యతిరేకించే నైజెల్ ఫరాజ్ పార్టీ రిఫార్మ్ యూకే దాన్ని ఆరు ఓట్ల తేడాతో ఎగరేసుకుపోయింది. ప్రచారానికి వెళ్లిన లేబర్ కార్యకర్తలు గడప గడపకూ విన్నమాట ఒకటే: ఇంధన భత్యం. జూన్ 9న రీవ్స్ మళ్లీ ప్రకటన చేశారు. ఏటా 35 వేల పౌండ్లలోపు ఆదాయం ఉన్న పింఛనుదారులందరికీ భత్యం తిరిగి ఇస్తామన్నారు. అంటే సుమారు 90 లక్షల మందికి. దానికయ్యే ఖర్చు 125 కోట్ల పౌండ్లు. అటు పెద్దగా ఆదా అయిందేమీ లేదు, ఇటు పోయిన పరువు తిరిగి రాలేదు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అని మన పెద్దలు ఇలాంటి పనులు చూసే అన్నారేమో.

ఇదొక్కటే అయితే కొత్త ప్రభుత్వపు తడబాటు అని సర్దుకోవచ్చు. ప్రధాని కీర్ స్టార్మర్ ప్రభుత్వం తొలి ఏడాదిన్నరలో ఇదే దారిలో ఎన్నిసార్లు నడిచిందో లెక్కపెట్టడం అక్కడి పత్రికలకు ఓ కాలక్షేపంగా మారింది.

అన్నిటికంటే ఘోరంగా చేతులు కాలింది వైకల్య భృతి విషయంలో. 2025 మార్చిలో సంక్షేమ కోతలు ప్రకటించి ఏడాదికి 500 కోట్ల పౌండ్లు మిగులుస్తామన్నారు. వారి సొంత ఎంపీలే 120 మందికి పైగా బిల్లును అడ్డుకునే సవరణపై సంతకాలు పెట్టారు. 170కి పైగా ఆధిక్యం ఉన్న ప్రభుత్వానికి పట్టాల్సిన గతి కాదది. ఓటింగుకు నాలుగు రోజుల ముందు సగం దిగివచ్చారు. జులై 1న సభలో చర్చ నడుస్తూ ఉండగానే మంత్రి స్టీఫెన్ టిమ్స్ లేచి, భృతి అర్హతల్లో మార్పులు తెచ్చే కీలకమైన నిబంధనను తీసేస్తున్నామని చెప్పారు. తాము దేని మీద ఓటేస్తున్నామో ఎంపీలకే అర్థంకాని పరిస్థితి. అంత చేసినా 49 మంది లేబర్ సభ్యులు వ్యతిరేకంగా ఓటేశారు. బిల్లు గట్టెక్కింది గానీ, దాని వల్ల మిగలాల్సిన సొమ్ము ఆవిరైపోయింది. మర్నాడు సభలో ప్రధాని వెనక కూర్చున్న రీవ్స్ కళ్లు తుడుచుకుంటున్న దృశ్యం టీవీల్లో వచ్చింది. ఆమెను తప్పిస్తారేమోనన్న భయంతో ప్రభుత్వ బాండ్ల మీద వడ్డీ రేట్లు పైకి ఎగబాకాయి. మంత్రి కన్నీటి చుక్కకు కూడా మార్కెట్లో ధర పలికే స్థితిలో ఉంది ఆ దేశం.

ఇద్దరు పిల్లల పరిమితి కథ ఇంకా విడ్డూరం. మూడో బిడ్డ నుంచి సంక్షేమ సాయం అందకుండా కన్సర్వేటివ్‌లు పెట్టిన ఆ నిబంధనను ఎత్తేయాలని ఓటేసినందుకు 2024 జులైలో ఏడుగురు లేబర్ ఎంపీలను పార్లమెంటరీ పార్టీ నుంచి సస్పెండ్ చేశారు. 2025 నవంబరు బడ్జెట్‌లో ఆ నిబంధనను ఎత్తేస్తున్నట్టు ప్రకటించి, అదే పార్టీ కేరింతలతో హర్షించింది. అదే నెల మొదట్లో రీవ్స్ ఆదాయ పన్ను పెంచబోతున్నట్టు సూచనలిచ్చారు. చల్లకొచ్చి ముంత దాచినట్టు, పెంచుతానని నోరు తెరిచి అనలేదు. పది రోజులు తిరక్కుండానే ఆ ఆలోచన విరమించుకున్నట్టు వార్త వచ్చింది. చేయని తప్పుకు కూడా తిట్లు తినడం ఒక కళ.

ఇక వ్యక్తిగత మచ్చలు. నిజాయతీ మా ఆస్తి అని చెప్పుకుని వచ్చిన స్టార్మర్ పార్టీ దాత వహీద్ అలీ నుంచి బట్టలు, కళ్లజోళ్లు పుచ్చుకున్నారు. కొన్ని కానుకలకు మొత్తం ఆరు వేల పౌండ్లకు పైగా తిరిగి కట్టారు. ఉప ప్రధాని ఏంజెలా రేనర్ ఓ ఫ్లాటు కొనుగోలులో తక్కువ స్టాంపు సుంకం కట్టినందుకు 2025 సెప్టెంబరులో పదవి వదులుకున్నారు. ఆ వారంలోపే, అమెరికాలో రాయబారిగా ఏరికోరి నియమించిన పీటర్ మాండెల్సన్‌ను జెఫ్రీ ఎప్‌స్టీన్‌తో స్నేహం కారణంగా తొలగించాల్సి వచ్చింది. ఆ నెల ఇప్సోస్ సర్వేలో స్టార్మర్ పనితీరుపై సంతృప్తి ఉందన్నవారు 13 శాతం, లేదన్నవారు 79 శాతం. ఆ సంస్థ 1977 నుంచి చేస్తున్న సర్వేల్లో ఏ ప్రధానికీ అంత తక్కువ రాలేదు.

ఇంత త్వరగా ఎందుకు? సమాధానం గెలుపులోనే ఉంది. 2024లో లేబర్ పార్టీకి నాలుగు వందలకు పైగా సీట్లు వచ్చాయి, ఓట్లు మాత్రం 33.7 శాతమే. 1997లో టోనీ బ్లెయిర్ దాదాపు అన్నే సీట్లను 43 శాతం ఓట్లతో గెలిచారు. ఇంకా చెప్పాలంటే, 2019లో చిత్తుగా ఓడిన నాటి లేబర్ నేత జెరెమీ కార్బిన్‌కు పడిన ఓట్ల సంఖ్య కంటే స్టార్మర్‌కు పడినవి తక్కువ. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే విజేత అనే పద్ధతిని మనమూ వాళ్ల నుంచే తెచ్చుకున్నాం కాబట్టి ఈ తమాషా మనకు కొత్త కాదు. జనం కన్సర్వేటివ్‌లను వెళ్లగొట్టారు. ఖాళీ అయిన కుర్చీలో ఎదురుగా ఉన్నవారు కూర్చున్నారు.

అలాంటి గెలుపుతో వచ్చినవారు తామెందుకు వచ్చారో రోజూ చెప్పుకుంటూ ఉండాలి. స్టార్మర్ వృత్తి రీత్యా న్యాయవాది, ఐదేళ్లు ఇంగ్లండ్, వేల్స్ ప్రాసిక్యూషన్ విభాగానికి అధిపతి. చేతికి వచ్చిన ప్రతి ఫైలునూ విడి కేసుగా చూస్తారు. ఈ కేసులో వాదన ఇది, రేపటి కేసులో వాదన మరొకటి. కోర్టులో అది నేర్పు అనిపించుకుంటుంది. ప్రధాని కుర్చీలో మాత్రం ఏ నిర్ణయానికీ మరో నిర్ణయంతో చుట్టరికం లేకుండా పోతుంది. వృద్ధుల సాయంలో కోత ఎందుకని అడిగితే గొయ్యి పూడ్చడానికన్నారు. తిరిగి ఎందుకు ఇచ్చారంటే ఆర్థిక పరిస్థితి మెరుగైందన్నారు. రెండు మాటలనూ ఎవరూ నమ్మలేదు.

పరిస్థితులు కలిసిరాలేదన్నది నిజమే. అప్పుల మీద వడ్డీకే ఏటా పదివేల కోట్ల పౌండ్లు పోతున్నాయి. ఉద్యోగుల ఆదాయ పన్ను, వ్యాట్ పెంచబోమని ఎన్నికల ముందే మాటిచ్చి చేతులు కట్టేసుకున్నారు. అద్దెదారులకు రక్షణ కల్పించే చట్టం, భారత్‌తో వాణిజ్య ఒప్పందం తెచ్చిన ఘనత కూడా ఈ ప్రభుత్వానిదే. అవి ఓటరు చెవికి చేరలేదు. రోజూ కాళ్లు కడుక్కునే చప్పుడులో వినపడలేదు.

వెనకడుగు వేసిన సందర్భాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మరొకటి కనిపిస్తుంది. పింఛనుదారులకు ఓట్లున్నాయి, గెలిచారు. తిరుగుబాటు ఎంపీలకు సంఖ్య ఉంది, గెలిచారు. పది లక్షల పౌండ్లు దాటిన పొలాలపై వారసత్వ పన్ను వేస్తామంటే రైతులు ట్రాక్టర్లతో లండన్ వీధుల్లోకి వచ్చారు. 2025 క్రిస్మస్ ముందు ఆ పరిమితి 25 లక్షలకు పెరిగింది. డిజిటల్ గుర్తింపు కార్డు తెస్తామన్నారు, స్టార్మర్ ముంబై వచ్చి మన ఆధార్‌ను మెచ్చుకుని మరీ వెళ్లారు. దాదాపు 30 లక్షల మంది వ్యతిరేక పిటిషన్‌పై సంతకాలు చేశారు. 2026 జనవరిలో తప్పనిసరి నిబంధన సడలింది. ఆధార్ లేనిదే పని జరగని చోటి నుంచి వెళ్లిన మనవాళ్లకు ఆ గొడవ వింతగా తోచి ఉంటుంది. ఎందుకు చేస్తున్నామో గట్టిగా చెప్పలేని ప్రభుత్వం ఎవరు గట్టిగా నెడితే అటు ఒరుగుతుంది.

ఎవరూ నెట్టని చోట మాత్రం ఒరగలేదు. 2025 మేలో వలసల విధానం ప్రకటిస్తూ, దేశం అపరిచితుల దీవిగా మారే ప్రమాదముందని స్టార్మర్ అన్నారు. నెలన్నర తర్వాత ఆ మాటకు చింతిస్తున్నానన్నారు. మాటను వెనక్కి తీసుకున్నారు గానీ విధానాన్ని కాదు. విదేశాల నుంచి కేర్ వర్కర్ల, అంటే వృద్ధులకూ వికలాంగులకూ సేవ చేసే సిబ్బంది నియామకం జులైలో ఆగిపోయింది. శాశ్వత నివాస హక్కుకు ఐదేళ్ల నిరీక్షణను పదేళ్లకు, కేర్ వర్కర్లకు పదిహేనేళ్లకు పెంచే ప్రతిపాదనను నవంబరులో హోం మంత్రి షబానా మహమూద్ సభ ముందు పెట్టారు. ఇప్పటికే అక్కడ ఉన్నవారికీ వర్తింపజేయాలన్నది అందులోని అసలు మెలిక. ఏజెంట్లకు లక్షలు పోసి వెళ్లి, వృద్ధాశ్రమాల్లో రాత్రి డ్యూటీలు చేస్తూ ఐదో ఏడు కోసం ఎదురుచూస్తున్న తెలుగువారు అందులో ఉన్నారు.

వారిలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కామన్వెల్త్ దేశాల పౌరులు బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తుంటే చాలు, వీసా మీద ఉన్నా సరే, అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. భారతీయులూ అందులోకే వస్తారు. పేరు నమోదు ఆన్‌లైన్‌లోనే, ఐదు నిమిషాల పని.