సీజర్ దగ్గరే ఆగిపోకండి మాస్టారూ

లెక్కల క్లాసులో సీక్రెట్ కోడ్‌లు ఆడించడం మా విజయనగరం వైపు బళ్లలోనూ చూస్తున్నాను. సంతోషమే. కానీ రోమన్ సేనాని జూలియస్ సీజర్ రహస్య లేఖల్లో మూడేసి అక్షరాలు జరిపేవాడని చెప్పి, ఏ బదులు డి రాయించి, పిల్లలు నవ్వగానే ముగించేస్తున్నారు. నాకు బాధగా ఉంది. అసలు లెక్క అక్కడే మొదలవుతుంది!

మన విజయనగరం రైల్వే స్టేషన్ కోడే తీసుకోండి: వి జెడ్ ఎం. ఏ కి 0 నుంచి జెడ్ కి 25 దాకా నంబర్లు వేస్తే ఇది 21, 25, 12. అయిదేసి కలిపితే 26, 30, 17. వీటిని 26తో భాగించి శేషాలు ఉంచుకుంటే 0, 4, 17, అంటే ఏ ఈ ఆర్. ఇన్నేళ్లూ భాగఫలం కోసం భాగహారం చేసిన పిల్లాడు మొదటిసారి దాన్ని పారేసి శేషాన్ని దాచుకుంటాడు.

ఇప్పుడు కలపడం మాని, రెండుతో గుణించమనండి. 42, 50, 24. శేషాలు 16, 24, 24. క్యూ వై వై! జెడ్ కీ, ఎం కీ ఒకే అక్షరం. పిల్లలు ముందు గుణకారం తప్పిందనుకుని మళ్లీ చేస్తారు. తర్వాత "మాస్టారూ, ఇది వెనక్కి రాదండీ" అంటారు. ఆ మాట వాళ్ల నోటి నుంచి వచ్చేదాకా దయచేసి ఏమీ చెప్పకండి. 25కీ 12కీ తేడా 13. దాన్ని రెట్టిస్తే సరిగ్గా 26, శేషం సున్నా. తేడా కాస్తా పోయింది.

అదే మూడుతో అయితే 11, 23, 10 వస్తాయి, ఏ రెండూ కలవవు. వెనక్కి రావాలంటే భాగించక్కర్లేదు, 9తో గుణిస్తే చాలు: 99, 207, 90. శేషాలు మళ్లీ 21, 25, 12. మూడు తొమ్మిదులు 27, దాని శేషం 1 కదా! 1 నుంచి 25 దాకా ఇలా పనికొచ్చేవి పన్నెండే: సరిసంఖ్యలు, 13 తీసేయగా మిగిలినవి, అంటే 26తో గ.సా.భా. 1 అయ్యేవి. గ.సా.భా. ఎందుకు నేర్చుకున్నామో పిల్లలకి అప్పుడు అర్థమవుతుంది.

పరీక్షలో రాదుగా అంటారు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ తయారుచేసిన ఆర్ఎస్ఏ అనే సీక్రెట్ కోడ్ పద్ధతి కూడా శేషాల మీదే నిలబడింది, గుణకారం బదులు ఘాతాలు వాడారంతే. దానికి పునాది వేయడానికి రెండు పీరియడ్లు ఇవ్వలేమా?

ఇంగ్లీషు అక్షరాల దగ్గర తడబడే పిల్లలుంటే క కి 0 నుంచి మ కి 24 దాకా నంబర్లు వేసి, ఆ 25 హల్లులతో చేయించండి; ఈసారి భాగించేది 25తో. అక్కడ రెండు చక్కగా పనిచేస్తుంది. ఐదుతో గుణిస్తే మాత్రం క, చ, ట, త, ప అన్నీ క దగ్గరే పడతాయి. ఎందుకో వాళ్లనే చెప్పనివ్వండి.